పసుపెక్కిన కాడకు కత్తెర పెట్టకండి

సంక్రాంతి చలి మొదలయ్యేసరికి హైదరాబాద్ బోయిన్‌పల్లి బాల్కనీల్లో డెండ్రోబియం ఆర్కిడ్లు పెంచేవాళ్ళకి ఒక బెంగ పట్టుకుంటుంది. పాత కాడల మీద ఆకులు కింది నుంచి ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోతుంటాయి. నెల తిరక్కుండానే కుండీలో సగం కాడలు బోడిగా మిగులుతాయి. చచ్చిపోయాయనుకుని వాటిని మొదలంటా కోసేస్తారు. మొక్కకు అసలు నష్టం జరిగేది ఆ కోతతోనే.

డెండ్రోబియం పైకి కాక పక్కకు పాకే మొక్క. ప్రతి ఏడూ మొదలు దగ్గర ఒక కొత్త పిలక వేసి దాన్ని కాడగా పెంచుతుంది. పూత అయ్యాక ఆ కాడ పని మారుతుంది. ఇక అది గాదె. నీళ్ళు, పిండిపదార్థం అందులో నిలవ ఉంటాయి. అడవిలో చెట్టు కొమ్మను పట్టుకుని బతికే మొక్కకు వాన పడినప్పుడే నీళ్ళు, మిగతా రోజులన్నీ ఆ నిలవే ఆధారం. కొత్త పిలక ఎదిగే వేళ మొక్క పాత ఆకుల్లోని నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం వెనక్కి లాక్కుని పిలకకు పంపుతుంది. ఆకు పసుపెక్కడమంటే ఆ పంపకం జరుగుతోందన్నమాట. చలి కూడా దీనికి తోడవుతుంది. మన దగ్గర దొరికేవి ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వచ్చిన సంకర రకాలు. రాత్రి 15 డిగ్రీల కిందికి దిగితే అవి తట్టుకోలేక ఆకు రాలుస్తాయి.

బోడి కాడను ఒకసారి బొటనవేలితో నొక్కి చూడండి. పైన కాగితంలా ఎండిన తెల్లటి పొర ఉంటుంది. దాన్ని గోటితో కొద్దిగా తీస్తే లోపల ఆకుపచ్చగా కనిపిస్తుంది. నిలువు ముడతలు పడినా గట్టిగా ఉందంటే ప్రాణం ఉన్నట్టే. నొక్కితే మెత్తగా దిగబడినా, గోధుమరంగుకు మారి లోపల డొల్లగా ఉన్నా అప్పుడు మాత్రమే కోయాలి. బతికున్న పాత కాడలు కనీసం మూడు నాలుగు ఉంటేనే వచ్చే ఏడు పిలక బలంగా వస్తుంది. పైగా ఈ సంకర రకాల్లో బోడి కాడ చివరి నుంచి మళ్ళీ పూలగెల రావడం మామూలే.

పసుపు అంతా వయసుదే అనుకోకూడదు. పాత కాడ మీద, కింది నుంచి, నెమ్మదిగా వచ్చి పొడిగా రాలితే అది వయసు. కొత్త ఆకే పసుపెక్కిందంటే వేళ్ళు కుళ్ళాయేమో చూడాలి. రాత్రికి రాత్రి నీరుకారి, వాసన వేస్తే బాక్టీరియా కుళ్ళు. ఆ భాగాన్ని వెంటనే తీసేసి కుండీని మిగతావాటికి దూరంగా పెట్టాలి. పడమటి ఎండ తగిలే వైపు మాత్రమే పాలిపోయిన మచ్చ పడితే షేడ్ నెట్ కట్టాల్సిన పని. నగరంలో అన్నిటికన్నా ఎక్కువగా చూసేది బోరు నీళ్ళ బాధ. కుండీలోని బొగ్గు ముక్కల మీద, వేళ్ళ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, ఆకుల కొనలు మాడతాయి. వానాకాలంలో కుండీలను నాలుగు జల్లుల్లో తడవనిస్తే అంతకు మించిన మందు లేదు. కొబ్బరి బోండాల బండి దగ్గర తెచ్చిన డొప్పనూ నాలుగైదు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాకే వాడాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది.

పసుపెక్కిన ఆకును బలవంతంగా లాగకండి. పండితే అదే ఊడుతుంది. కోయక తప్పనప్పుడు బ్లేడును ప్రతి మొక్కకూ ముందు మంట మీద కాల్చాలి. ఆర్కిడ్లలో సింబిడియం మొజాయిక్, ఒడొంటోగ్లాసం రింగ్‌స్పాట్ అనే రెండు వైరస్‌లు కోతల ద్వారా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. కోత మీద దాల్చినచెక్క పొడి అద్దితే గాయం ఆరుతుంది, వేళ్ళ మీద మాత్రం పడనీయకూడదు. రోగం లేని ఆకులు కంపోస్టులో వేయండి. చెత్తను పనికి పెట్టడం మనకు కొత్త కాదు, కూరగాయల మార్కెట్‌లో మిగిలిన సరుకుతో బయోగ్యాస్, కరెంటు తీసి 2021 జనవరిలో ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావనకు ఎక్కిన చోటు మన బోయిన్‌పల్లి!

సిక్కిం రాష్ట్ర పుష్పమైన డెండ్రోబియం నోబైల్ విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. అది చలికాలంలో ఆకు రాల్చి, ఆ బోడి కాడల కణుపుల మీదే పూస్తుంది. ఆకులు పోయాయని కాడను కోశారంటే ఆ ఏటి పూతనంతా కోసుకున్నట్టే. దానికి నవంబరు నుంచి నీళ్ళు తగ్గించి, ఎరువు ఆపి, మొగ్గ కనిపించేదాకా ఓపిక పట్టాలి. హైదరాబాద్ వేడిలో దాన్ని పూయించడం కష్టమే.

పాత కాడలు మరీ ఎక్కువై కుండీ ఇరుకైతే వాటిని విడదీసి నాటుకోవచ్చు. ఆర్కిడ్ పెంపకం ఒకప్పుడు ఈ పని మీదే నడిచింది. అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో చక్కెర కలిపిన మాధ్యమంలో విత్తనాలు మొలిపించే పద్ధతి ప్రకటించారు. కానీ సంకర మొక్క విత్తనం తల్లిలాగే పూస్తుందన్న నమ్మకం లేదు. ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ 1960లో మొగ్గ కొనలోని కణజాలం నుంచి సింబిడియం ఆర్కిడ్ మొక్కలు పెంచి చూపేదాకా, మంచి మొక్కను అచ్చం అలాగే ఇంకొకరికి ఇవ్వాలంటే పాత కాడలను విడదీయడమే దారి. ఇవాళ కణజాల మొక్కలు చవగ్గా దొరకబట్టే పాత కాడలు చెత్తబుట్టకు పోతున్నాయి. నాకది నచ్చదు. విడదీసిన కాడను తడి కొబ్బరి పీచు మీద పడుకోబెట్టి నీడలో ఉంచితే కణుపుల నుంచి పిల్ల మొక్కలు వస్తాయి. వాటి వేళ్ళు రెండంగుళాలు సాగాక బొగ్గు, ఇటుక ముక్కలున్న చిన్న కుండీలోకి మార్చుకోవాలి.

వాండా అనే ఆర్కిడ్‌కు ఈ లెక్క పనికిరాదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వర్ణించిన వాండా టెస్సెలేటా ఇప్పటికీ తెలుగు నేల మీద మామిడి చెట్లను పట్టుకుని కనిపిస్తుంది. అది నిటారుగా ఒకే కాండంతో పెరుగుతుంది, నిలవ కాడలు ఉండవు. కింది ఆకులు పోయి కాండం బోడిగా సాగినప్పుడు, గాలి వేళ్ళు రెండు మూడైనా ఉన్నచోట పైభాగం కోసి వేరే కట్టుకోవాలి. కింది మోడును పారేయకుండా తడుపుతూ ఉంటే పక్క పిలక వేస్తుంది. చెట్టు మీద ఉన్నదాన్ని పీక్కు రాకండి, నర్సరీ మొక్కే కొనండి.

కుండీ మార్చడం, విడదీయడం ఏదైనా మే ఎండల్లో వద్దు. తొలకరి పడి, కొత్త పిలక మొదలు దగ్గర ఆకుపచ్చ కొనతో వేరు తొంగిచూసే వారంలో చేయాలి. ఆ వేళ పెట్టిన కోత తొందరగా మానుతుంది, ఆ కొత్త వేరు మొక్కను కొత్త కుండీలో నిలబెడుతుంది.