చేపకన్నా ముందు నీళ్లు

1846లో ఇంగ్లండ్‌లోని టార్కీ తీరానికి విహారానికి వెళ్లిన ఆనా థిన్ అక్కడి రాతిపగడాలను చూసి ముచ్చటపడ్డారు. కొన్నింటిని జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చుకున్నారు. సముద్రం చూస్తే ఎక్కడో దూరాన ఉంది. అందుకని వాళ్లింటి పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ దగ్గర నిలబడి ఆ ఉప్పునీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంటో ముప్పావుగంటో తిరగబోసేది. గాలి తగిలిన నీళ్లలో పగడాలు బతికాయి.

ఇంట్లో సముద్రపు జీవాలను పెంచే విద్యకు తొలి అడుగుల్లో ఇదొకటి. 1853లో లండన్ జూలో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం అచ్చయింది. గాజుతొట్టి ఇంగ్లండ్‌లో మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి వచ్చేసింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతిని వివరించాడు. సూక్ష్మజీవులు కాపురమున్న సముద్రపు రాళ్లను తొట్టిలో పేర్చి, గాలిబుడగలు వదిలితే నీళ్లను ఆ రాళ్లే శుభ్రం చేస్తాయన్నది దాని సారం. ఇవాళ హైదరాబాద్ ఫ్లాట్‌లో తొలిసారి చిన్న తొట్టి పెట్టుకునేవాళ్లు నమ్ముకునేదీ దాన్నే. ఈ విద్యలో కష్టమంతా నీళ్లను కుదర్చడంలో ఉంది. నీళ్లు కుదిరితే చేప తనంతట తాను బతుకుతుంది.

చిన్నది అనగానే చాలామంది ఇరవై లీటర్ల తొట్టి కొనేస్తారు. తొలి ప్రయత్నానికి అది తగదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మే నెలలో ఫ్యాను గాలికి రెండు లీటర్ల నీళ్లు ఆవిరయ్యాయనుకోండి. ఇరవై లీటర్ల తొట్టిలో ఉప్పు దాదాపు 39 గ్రాములకు ఎగబాకుతుంది; ఎనభై లీటర్ల తొట్టిలో 36 గ్రాములైనా దాటదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. అందువల్ల తగ్గిన మేరకు మంచినీళ్లే పోయాలి. తొట్టి నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం దగ్గర గాజుకు టేపు ముక్క అంటించి, రోజూ అక్కడిదాకా నింపితే సరిపోతుంది. ఎనభై లీటర్ల తొట్టి రాళ్లతో, గాజుతో కలిపి వంద కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి బల్ల కావాలి, అది మట్టంగా ఉండాలి.

వంటింటి ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్‌ల వాటా దాదాపు 85 శాతం. మిగతాది మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం వగైరా. అవన్నీ కలిపిన అక్వేరియం ఉప్పు దుకాణాల్లో దొరుకుతుంది. విశాఖలో ఉండేవాళ్లకు బీచ్ నీళ్లు తెచ్చుకుందామనిపించవచ్చు, కానీ ఊరి మురుగు కలిసే తీరంలో ముంచిన నీటిని నమ్మలేం. బోరు నీళ్లూ వద్దు. ఆర్‌ఓ నీళ్లు వాడాలి, అవీ టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నాకు దగ్గరగా ఉన్నవి. తాగడానికి వాడే ఇంటి ఆర్‌ఓల్లో చాలావరకు రుచి కోసం కొంత ఖనిజాన్ని మిగులుస్తాయి, కాబట్టి మీటరు పెట్టి చూసుకోవాలి. బకెట్‌లో ముందు నీళ్లు పోసి, ఆ తర్వాతే ఉప్పు వేయాలి. తిరగేసి చేస్తే కాల్షియం తెల్లటి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. చిన్న పంపు వేసి రాత్రంతా తిప్పితే, సాయంత్రం పాలలా ఉన్న నీళ్లు పొద్దుటికి తేటపడతాయి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ గాజుపలక మీద ఒక చుక్క వేసి వెలుగుకేసి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. అది సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఆగాలి.

తొట్టి నింపి పంపు ఆన్ చేశాక అసలు పని మొదలవుతుంది. చూసేవాళ్లకు మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది. చేప లేని తొట్టిలో రోజూ చిటికెడు చేపల మేత వేస్తారు. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. రాళ్ల మీద చేరిన ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషమే; పైగా క్షారగుణమున్న సముద్రపు నీటిలో అమ్మోనియా మరింత ప్రమాదం. నైట్రేట్‌ను చేప కొంతవరకు ఓర్చుకుంటుంది, వారానికోసారి పదోవంతు నీళ్లు మారిస్తే అది అదుపులో ఉంటుంది. ఈ చక్రం నిలదొక్కుకోడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగా నడుస్తున్న పాత తొట్టిలోంచి ఒక రాయో, ఫిల్టర్ స్పాంజో తెచ్చి వేస్తే, పాలలో తోడు వేసినట్టు, పని త్వరగా అవుతుంది.

ఎంతవరకు వచ్చిందో టెస్ట్ కిట్ చెబుతుంది. గాజు గొట్టంలో నీళ్లు తీసి మందు చుక్కలు వేస్తే, అమ్మోనియా లేనప్పుడు పసుపుగా ఉంటుంది, ఉంటే ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ పచ్చదనం రోజురోజుకీ చిక్కబడి, తర్వాత ఒకనాటి నుంచి పలచబడటం మొదలెడుతుంది. ఈలోగా ఇసుక మీద గోధుమరంగు పొర కమ్ముకుంటుంది. అవి డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, వాటంతటవే పోతాయి. కంగారుపడి రాళ్లన్నీ కుళాయి కింద కడిగేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

మన ఊళ్లలో పెద్ద శత్రువు ఎండ. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తొట్టిని కాపాడుతుంది.

ఈ సరదా సముద్రాన్ని చాలా బాధపెట్టింది. గాస్ పుస్తకాలు చదివిన జనం డెవన్ తీరంలోని రాతిమడుగులను ఊడ్చేశారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో వెలువరించిన ఆత్మకథలో ఆ నష్టానికి బాధపడ్డాడు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపలను పట్టి అమ్మారు. ఆ విషానికి పగడాలు చచ్చాయి. మన దేశంలో పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. దుకాణంలో ఎవరైనా పగడపు ముక్క చేతిలో పెట్టినా తీసుకోకూడదు. లీ చిన్ ఎంగ్ సముద్రం నుంచి తెచ్చుకున్న రాయికి బదులు మనకు సిరామిక్ రాళ్లున్నాయి. బాక్టీరియాకు కావలసింది చిల్లులున్న రాయి, అది ఎక్కడ పుట్టిందన్నది దానికి పట్టదు.

చేపల విషయంలోనూ మంచి దారి ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అన్నామలై విశ్వవిద్యాలయం పరంగిపేట కేంద్రం క్లౌన్ ఫిష్‌ను హేచరీల్లో పుట్టించే పద్ధతులను మన దేశంలోనే రూపొందించాయి. హేచరీలో పుట్టిన చేప తొట్టికి త్వరగా అలవాటుపడుతుంది, మేత మారాం చేయకుండా తింటుంది. దానికి అనిమోన్ అనే సముద్రజీవి తోడు కూడా అక్కర్లేదు. కొత్త తొట్టిలో అనిమోన్ బతకడం అరుదు కాబట్టి, దుకాణదారు ఎంత ఊరించినా మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మేలు. ముందు రెండు మూడు నత్తలు, కొన్ని వారాల తర్వాత ఒక జత చేపలు. ఎనభై లీటర్లకు అదే ఎక్కువ.

క్లౌన్ ఫిష్ అన్నీ మగవిగా మొదలై, జతలో పెద్దది ఆడచేపగా మారుతుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కొనమనేది అందుకే. జోడీ కుదిరాక ఆడచేప రాయి మీద నారింజరంగు గుడ్లు అంటిస్తుంది. మగచేప వాటిని రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. ఏడెనిమిది రోజులకు, దీపాలు ఆర్పాక, పిల్లలు బయటికొస్తాయి. వాటి తొలి మేత రోటిఫర్లనే సూక్ష్మజీవులు, రోటిఫర్ల మేత పచ్చనాచు. పిల్లలను దక్కించుకోవాలనుకునేవాళ్లు గుడ్లు కనిపించాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమవుతుంది. నాచు సీసా, రోటిఫర్ల బకెట్, విడిగా ఒక చిన్న తొట్టి అంతకుముందే సిద్ధం చేసుకోవాలి.