బొమ్మకు వదలాల్సిన మాట: పసిపిల్లల తెలుగు పుస్తకాలు

పసిపిల్లల పుస్తకాల గురించి తెలుగులో జరిగే చర్చ చాలావరకు కథ చుట్టూ, నీతి చుట్టూ, భాష చుట్టూ తిరుగుతుంది. బొమ్మల ప్రస్తావన వచ్చినా అందంగా ఉన్నాయన్న ఒక్క మాటతో ముగుస్తుంది. కాని ఇంకా చదవడం రాని పిల్లలకు పుస్తకమంటే బొమ్మే; అక్షరాలు చదివి వినిపించే పెద్దలవి. కనుక ఆ వయసు పుస్తకాన్ని అంచనా వేసేటప్పుడు ముందుగా అడగవలసింది, ఇందులో మాట బొమ్మకు ఏమి వదిలిపెట్టింది అని.

బొమ్మలున్న కథ వేరు, బొమ్మల కథ వేరు. మొదటిదానిలో బొమ్మలు తీసేసినా కథ నిలుస్తుంది. రెండవదానిలో మాటా బొమ్మా కథను చెరిసగం మోస్తాయి. పాట్ హచిన్స్ 1968లో వెలువరించిన 'రోజీస్ వాక్' ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ఉన్నవి 32 ఇంగ్లీషు మాటలే. ఒక కోడిపెట్ట షికారుకు బయలుదేరి భోజనం వేళకు ఇల్లు చేరడం వరకే అవి చెబుతాయి. ఆ పెట్ట వెనకాలే ఒక నక్క పొంచి వస్తూ అడుగడుగునా భంగపడుతుంది. దాని ఊసు వాక్యాలలో ఎక్కడా లేదు. చదివే పెద్దవారు పట్టించుకోనట్టున్న సంగతి వినే పిల్లకు కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఆ పిల్ల ఊరుకోలేక నోరు విప్పుతుంది. మారిస్ సెండాక్ 1963లో ప్రచురించిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' పుస్తకంలో బొమ్మలు పుటపుటకూ పెరుగుతూ వచ్చి, కథ మధ్యలో మాటలను పూర్తిగా పక్కకు నెట్టేస్తాయి.

మనకు చిత్రకారుల కొరత ఎన్నడూ లేదు. 1947 జులైలో మొదలైన 'చందమామ'కు చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, శంకర్, వడ్డాది పాపయ్య వంటివారు బొమ్మలు వేశారు. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'కు బాపు రూపమిచ్చారు. అయితే ఇవి ప్రధానంగా బొమ్మలున్న కథలు. అది లోపం కాదు. అవి చదవడం వచ్చినవారి కోసం వచ్చినవి. ఆ నమూనానే మూడేళ్ళవారి పుస్తకాలకూ అతికించడంతో చిక్కు వస్తుంది. చెట్టెక్కిన పిల్లి బొమ్మ కింద పిల్లి చెట్టెక్కిందనే వాక్యం, చివరి పుటలో ఒక నీతి. చూసి తెలుసుకోగలిగినదాన్ని ముందే చెప్పేశాక పిల్లలకు మిగిలే పని వినడమొక్కటే.

నిజానికి బొమ్మను ముందు పెట్టి మాటను తరవాత పలికే సంప్రదాయం మనకు ఉంది. తెలంగాణలోని చేర్యాల నకాశీ పటంలో ఎర్రని నేపథ్యం మీద దృశ్యాలు వరసగా ఉంటాయి. కథకుడు పటాన్ని విప్పుకుంటూ పోతాడు. మాట అతని నోటినుంచి వస్తుంది. ఇళ్ళలో చెప్పే ఏడు చేపల కథ నిర్మాణమూ ఇందుకు అనువైనదే. ఎండని చేపతో మొదలైన ప్రశ్న గడ్డి, ఆవు, కాపరి మీదుగా చీమ దాకా పోతుంది. ప్రతి ప్రశ్నా ఒక పుట తిప్పడమే. జవాబును మాటల్లో పెట్టకుండా తరవాతి పుటలో బొమ్మగా చూపితే చెప్పవలసింది పిల్లలవుతారు.

బహ్రెయిన్ పుస్తకాల దుకాణాల్లో ఈ విషయం మరో వైపునుంచి అర్థమవుతుంది. అరబ్బీ బొమ్మల పుస్తకం కుడినుంచి తెరుచుకుంటుంది. ఇంగ్లీషునుంచి అనువదించేటప్పుడు బొమ్మలను అద్దంలో లాగా తిప్పి అచ్చువేయడం కద్దు. తిప్పకపోతే ముందుకు నడిచే పాత్ర వెనక్కి పోతున్నట్టుంటుంది. తిప్పితే బొమ్మలోని డాక్టరు స్టెతస్కోపును రోగి గుండె లేని వైపు ఆనిస్తాడు. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని ఆ శ్రమ వెనక, భాష మారితే బొమ్మ నడకతోనూ పేచీ వస్తుందన్న గుర్తింపు ఉంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఎడమనుంచి కుడికే సాగుతాయి గనక మనకు ఆ ప్రశ్న ఎదురుకాలేదు. వాక్యాన్ని అనువదిస్తే చాలనుకున్నాం.

కాని తెలుగు వాక్యం నడక వేరు. ఇంగ్లీషులో క్రియ కర్త వెంటనే వచ్చేస్తుంది. తెలుగులో చివరిదాకా ఆగుతుంది. క్త్వార్థకాలను గొలుసుగా అల్లుకుంటూ పోవచ్చు. పిల్లి గోడెక్కి, గోడ దిగి, చప్పుడు కాకుండా వంటింట్లో దూరి... ఒక్కో పుటకు ఒక్కో ముక్క. చివరి పుటలో మాట లేదు, బోర్లాపడిన పాలగిన్నె మాత్రమే ఉంది. సమాపక క్రియను బొమ్మకు వదిలామన్నమాట. తాగేసిందనో, ఒలకబోసిందనో ఆ వాక్యాన్ని పిల్లలు తమ ఇంటి యాసలో పూర్తిచేస్తారు. ప్రతి పుటనూ పూర్తి వాక్యంతో ముగించే అనువాదం ఈ సౌలభ్యాన్ని చేజేతులా పోగొట్టుకుంటుంది.

ఇన్ని తక్కువ మాటలతో తెలుగు ఎలా వస్తుందని ప్రవాసంలోని తల్లిదండ్రులు అడగడం సహజం. బడిలో ఇంగ్లీషు, వీధిలో అరబ్బీ, ఆటల్లో హిందీ, మలయాళం వినే పిల్లలు ఇంట్లో తెలుగు అర్థం చేసుకుంటారు. బదులు మాత్రం ఇంగ్లీషులో ఇస్తారు. వారికి కొరవడింది వినికిడి కాదు, పలికే సందర్భం. గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనం రెండు, మూడేళ్ళ పిల్లల గురించినది. పుస్తకాన్ని ఏకధాటిగా చదివేయకుండా, విడమరచి చెప్పించే ప్రశ్నలు అడుగుతూ, పిల్లల జవాబులను పెంచుతూ చదివిన ఇళ్ళలో, ఒక నెలలోనే పిల్లల మాట మెరుగుపడింది. పుస్తకంలోని మాటల లెక్క కన్నా పిల్లల నోట పలికించిన మాటల లెక్క ముఖ్యమని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే ద్విభాషా పుస్తకాల బలమూ బలహీనతా తెలుస్తాయి. చెన్నైలోని తూలిక వంటి సంస్థలు ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉన్న పుస్తకాలు తెచ్చి, లిపి రాని తల్లిదండ్రులకూ దారి చూపాయి. కాని పిల్లలు అక్షరాలు నేర్చాక చూపు తేలికైన భాష మీదికే పోతుంది. తెలుగుకూ పిల్లలకూ మధ్య వంతెనగా ఉండవలసిన బొమ్మ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చి కూర్చుంటుంది.

చేయదగిన పని ఒకటుంది. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో కథలు, బొమ్మలు స్వేచ్ఛా అనుమతితో లభిస్తాయి. వాటిని ఎవరైనా అనువదించవచ్చు, మార్చి రాయవచ్చు. మనలో రాయగలవారు ఆ బొమ్మలకు ఉన్న వాక్యాలను తెలిగించడంతో ఆగకుండా, బొమ్మ చెప్పేదాన్ని కొట్టివేసి, తమ ప్రాంతపు పలుకుబడిలో, పుట చివర క్రియను ఆపి కొత్తగా రాయాలి. రాసిన తరవాత దాన్ని ఒక మూడేళ్ళ పిల్లకు చదివి వినిపించాలి. ఆ పిల్ల నిశ్శబ్దంగా వింటూ కూర్చుందంటే మాటలు ఇంకా ఎక్కువైనట్టే.