పేరు చెక్కించలేని ఖర్చు

ప్రతి నెలా మొదటి వారంలో మా ట్రస్టు క్లౌడ్ బిల్లును పద్దు పద్దుగా చదువుతాను. విజయవాడలో తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే చిన్న కేంద్రం మాది. నేను డాక్టరును కాను. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకుంటూ అక్కడి లెక్కలూ కంప్యూటర్లూ చూసిపెట్టే వాలంటీరును. ఆ బిల్లులో ఏ పద్దు తగ్గినా మిగిలిన డబ్బు ఎటు వెళ్తుందో తెలుసు కనుక ఈ పనంటే నాకు చాలా ఇష్టం.

తలసీమియా మేజర్ ఉన్న పిల్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఎముక మజ్జ మార్పిడి జరిగితే తప్ప జీవితాంతం. రక్తం ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇస్తాడు. మిగతావన్నీ కొనాలి. ముందు తెల్లకణాలను వడగట్టే ఫిల్టరు. ఎక్కించిన ప్రతి ప్యాకెట్టుతోనూ ఒంట్లోకి ఇనుము చేరి గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని కొలిచే ఫెరిటిన్ పరీక్షకు డబ్బు కావాలి, బయటికి పంపే డెఫెరాసిరాక్స్ మాత్రలకు డబ్బు కావాలి. ఒక పిల్లవాడి చార్టు పదేళ్లు, ఇరవయ్యేళ్లు సాగుతుంది. హిమోగ్లోబిన్ ఎంతకు పడ్డాక వచ్చాడు, ఏ ప్యాకెట్టుకు దద్దుర్లు లేచాయి, మాత్రల మోతాదు ఎప్పుడు పెంచారు అన్నవి పోతే డాక్టరు చీకట్లో తడుముకోవాల్సిందే. అందుకే రికార్డుల ఖర్చును నేను మందుల ఖర్చు పక్కనే రాస్తాను.

ఇదివరకు ఆ చార్టులన్నీ వెనక గదిలోని సర్వరులో ఉండేవి. ఒక దాత కొనిచ్చారు. దానికి పగలూ రాత్రీ ఏసీ వేసి ఉంచాలి. కొన్నేళ్లకోసారి యూపీఎస్ బ్యాటరీలు మార్చాలి. వారంటీ తీరాక ఏఎంసీ కట్టాలి. ఇవి అందరికీ తెలిసిన ఖర్చులే. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. సర్వరు కొనేటప్పుడు రాబోయే ఐదేళ్లలో అన్నిటికన్నా రద్దీ రోజు ఎలా ఉంటుందో ఊహించి, ఆ రోజుకు సరిపోయేంత పెద్దది కొనాలి. మాకు అలాంటి రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పన్ను రాయితీ కోసం చందాలు ఒక్కసారిగా వచ్చిపడే మార్చి ఆఖరు. దాతలకు ఆ రాయితీ సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన గడువు, మే 31. ప్రపంచ రక్తదాతల దినమైన జూన్ 14, కాలేజీ కుర్రాళ్లు వరసకట్టి పేర్లు నమోదు చేసుకునే రోజు. మిగతా ఏడాదంతా ఆ యంత్రం దాదాపు ఖాళీగా తిరుగుతూ కరెంటు కాల్చేది.

ఇంట్లో పెళ్లి ఉందని ఐదొందల మందికి వండే గుండిగలూ షామియానాలూ ఎవరూ కొనరు. సప్లయర్స్ దగ్గర అద్దెకు తెచ్చి, పని అయ్యాక పంపేస్తారు. సేవాసంస్థలు మాత్రం కంప్యూటర్ల విషయంలో గుండిగలు కొంటూనే వచ్చాయి, అద్దెకిచ్చేవాళ్లు లేక. అమెజాన్ 2006లో మొదలుపెట్టింది క్లౌడ్ అనే ఈ అద్దె పద్ధతినే. దాని డేటా కేంద్రాలు 2016లో ముంబైకి, 2022లో హైదరాబాదుకు వచ్చాయి. ఇప్పుడు చాలా రకాల యంత్రాలకు సెకన్ల లెక్కన అద్దె కట్టొచ్చు. మార్చి ఆఖరి వారం పెద్దది తీసుకుని, ఏప్రిల్ ఒకటిన చిన్నదానికి దిగిపోవచ్చు. ఐదేళ్లపాటు ఇనుములో ఇరుక్కుపోవాల్సిన చందా ఈ నెల మాత్రలకు చేతిలో ఉంటుంది. ధర తగ్గడం కన్నా నాకు ఇదే పెద్ద లాభంగా కనిపిస్తుంది.

అయితే దీన్ని దాతలకు అర్థమయ్యేలా చెప్పడం తేలిక కాదు. మాకు ఏళ్ల తరబడి చందా ఇస్తున్న ఒక పెద్దాయన లెక్కల పుస్తకం తిరగేస్తూ, "ఇదివరకు కంప్యూటరుకని ఇస్తే కంప్యూటరైనా కనపడేదండీ. ఇప్పుడు నెలనెలా కడుతున్నారు, చూద్దామంటే ఏదీ?" అని అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న. మన ఊళ్లలో గుడి ఫ్యాను రెక్కల మీద, బస్టాండులో సిమెంటు బల్ల మీద, ఆస్పత్రి మంచం తల దగ్గర దాత పేరు ఉంటుంది. ఇచ్చినవాడికి తన డబ్బు ఎక్కడుందో తెలియాలి కదా. ఆ పేరు చూసి ఇంకొకరు ఇస్తారు కూడా. క్లౌడ్ మీద పేరు చెక్కించే చోటు లేదు. ఆయన్ను రక్తం ఎక్కించే గదికి తీసుకెళ్లి, సిస్టర్ తెర మీద తెరిచిన ఒక పాప చార్టు చూపించాను. ఎనిమిదేళ్ల ఫెరిటిన్ గీత, మాత్రలు మొదలయ్యాక ఎలా కిందికి దిగిందో. "ఇదండీ, మీరిచ్చింది" అన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

దాతల ఈ సందేహానికి చట్టం కూడా తోడైంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. దాంతో ఆ విరాళాలు తీసుకునే ప్రతి సంస్థా ఆఫీసు ఖర్చును భూతద్దంలో చూసుకోవాల్సి వచ్చింది. చందా వృథా కాకూడదన్న పట్టింపు మంచిదే. కానీ సమాచారం కాపాడే ఖర్చును అద్దె, టీ, స్టేషనరీల గాటన కట్టేస్తే ముందుగా కోత పడేది బ్యాకప్‌కు. బ్యాకప్ లేకపోతే ఏమవుతుందో ఏ చిన్న సంస్థా చవిచూడకూడదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు, అంత పెద్ద ఆస్పత్రిలోనే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. క్లౌడ్‌లో ఉంటే దాడులు జరగవని కాదు. పాత నకళ్లను ఎవరూ చెరపలేని విధంగా ఇంకో చోట ఉంచడం అక్కడ కొన్ని సెట్టింగులతో అయ్యే పని. వెనక గదిలో అదే పనికి ఇంకో సర్వరు, ఇంకో ఊరు కావాలి.

ముప్పు సైబర్ దాడులతోనే కాదు. 2024 సెప్టెంబరు మొదటి తేదీన విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిపోయాయి. కింది అంతస్తుల్లో కంప్యూటర్లూ కాగితాలూ ఉన్నవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. తలసీమియా పిల్లలకు వరద సెలవు లేదు, వాళ్ల వారం వాళ్లకు వస్తుంది. మా పిల్లల్లో కొందరు ఆ వారం వేరే ఆస్పత్రిలో రక్తం ఎక్కించుకున్నారు. వాళ్ల చార్టులు అక్కడి డాక్టర్ల ఫోన్లలో తెరుచుకున్నాయి.

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. క్లౌడ్ దానంతటదే చవక కాదు. వెనక గదిలో ఇరవై నాలుగ్గంటలూ తిరిగే యంత్రాన్ని అలాగే అక్కడ పెట్టి అలాగే తిప్పితే, పాత ఖర్చును మించి కట్టాల్సి రావచ్చు. వారానికి 168 గంటలు. మా కేంద్రం రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు నడుస్తుంది, అంటే 60 గంటలు. మిగిలిన 108 గంటలు యంత్రం ఎవరికోసం మేలుకుని ఉండాలి? ఆపేద్దామని సిస్టర్‌ను అడిగాను, "రాత్రి ఎనిమిది తర్వాత చార్టు ఎవరైనా తెరుస్తారా సిస్టర్?" అని.

"తెరవరండీ. కానీ అర్ధరాత్రి ఎవరికైనా రియాక్షన్ వచ్చి వేరే ఆస్పత్రికి పరిగెడితే, అక్కడి డాక్టరుగారు మాకు ఫోన్ చేస్తారు. గ్రూపూ యాంటీబాడీలూ అప్పటికప్పుడు చెప్పాలి."

ఆ జవాబు విన్నాక పని రెండుగా చీల్చాం. చార్టులు రాసే యంత్రం రాత్రికి ఆగిపోతుంది. పిల్ల పేరు కొడితే గ్రూపు, యాంటీబాడీలు, ఏ మందు పడదో చూపించే ఒక్క పేజీ మాత్రం ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, చూసినప్పుడే పైకం పడే పద్ధతిలో. దాని ఖర్చు బిల్లులో వెతికితే గానీ కనిపించదు. ఏది నిద్రపోవచ్చో, ఏది మేలుకోవాలో చెప్పింది సిస్టరే. ఇలాంటి ఆదా అంతా రోగి పక్కన నిలబడేవాళ్లను అడిగితేనే దొరుకుతుంది.

నిల్వ సంగతీ అంతే. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రికార్డులు మూడేళ్లు ఉంచితే చాలు. మా పిల్లలకు మూడేళ్లు ఏ మూలకు? గుండెలో ఇనుము ఎంతుందో చూపే ఎమ్మారై స్కానులు ఏళ్ల కిందటివి కూడా కావాలి, కాకపోతే రోజూ అక్కర్లేదు. అమెజాన్ అమెరికా ధరల్లో మామూలు నిల్వకు టెరాబైటుకు నెలకు సుమారు 23 డాలర్లు, అన్నిటికన్నా అడుగున భద్రపరిచే రకానికి సుమారు ఒక డాలరు. అడుగున వేసినదాన్ని పైకి తీయడానికి గంటలు పడుతుంది, తీసినప్పుడు వేరే రుసుం ఉంటుంది. ఏ స్కాను అడుక్కి వెళ్లొచ్చో డాక్టరుగారు గీత గీశాకే కదిపాం.

ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి దగ్గరికి వెళ్లాలి. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో స్థాపించిన సంస్థ. కట్టగలిగినవాళ్ల దగ్గర తీసుకుని, కట్టలేనివాళ్లకు ఉచితంగా చూస్తుంది. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటరు, అందులో శిక్షణ పొందిన ఒక టెక్నీషియన్, పైన పెద్ద ఆస్పత్రులు. పల్లెలో తీసిన కంటి ఫొటో పట్నంలో డాక్టరు చూడాలంటే రికార్డు ఇద్దరికీ ఒకటే అయ్యుండాలి. ఆ ఎలక్ట్రానిక్ రికార్డును వాళ్లే తయారుచేసుకున్నారు. 2016 డిసెంబరులో మైక్రోసాఫ్ట్‌తో కలిసి, అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా సంస్థలతో ఒక కూటమి కట్టి, కంటి సమాచారాన్ని క్లౌడ్‌లో విశ్లేషించే పని మొదలుపెట్టారు. పిల్లల్లో చూపు ఎంత వేగంగా తగ్గుతుందో ముందే అంచనా వేయడం అందులో ఒకటి. ఒక రైతుకూలీ బస్సెక్కి పట్నం రావాల్సిన పని తప్పితే మిగిలేది ఆస్పత్రి డబ్బు మాత్రమే కాదు, ఆయన ఆ రోజు కూలి కూడా.

క్లౌడ్‌లోకి దిగేముందు చిన్న సంస్థలు తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. వైద్య సేవకు జీఎస్టీ లేదు కనుక బిల్లు మీద మనం కట్టే 18 శాతాన్ని ఎక్కడా సర్దుబాటు చేసుకోలేం, అది పూర్తిగా ఖర్చే. ఉచితం అన్నదాని మీద ఇల్లు కట్టుకోకూడదు. మైక్రోసాఫ్ట్ సేవాసంస్థలకు ఉచితంగా ఇచ్చే బిజినెస్ ప్రీమియం లైసెన్సులను 2025లో ఆపేసి తగ్గింపు ధరకు మార్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం భద్రతా లోపానికి 250 కోట్ల రూపాయల వరకూ జరిమానా పెట్టింది. సర్వరు ఎక్కడున్నా ఆ బాధ్యత మనదే. పల్లెల్లో నెట్ పోతుంటుంది కాబట్టి, ముందు ఫోన్లో రాసుకుని నెట్ రాగానే పైకి పంపే యాప్ కావాలి. అన్నిటికీ మించి, బిల్లు చదివే మనిషి ఒకరుండాలి. ఏ యంత్రం ఎవరి పని మీద తీసుకున్నారో దానికి పేరు తగిలించి ఉంచాలి. ఖర్చు అనుకున్న గీత దాటితే ఫోనుకు కబురు రావాలి. వేలం వెర్రిగా మూడేళ్ల ఒప్పందాలు రాసేయకుండా, నిజంగా ఎంత వాడుతున్నామో కొన్నాళ్లు చూశాకే రాయితీ ఒప్పందానికి వెళ్లాలి.

కంపెనీల సీఎస్సార్ విభాగాల్లో పనిచేసే మిత్రులకు ఒక విన్నపం. నేను నింపిన దరఖాస్తుల్లో పరికరాలకు గడి ఉంటోంది, నెలనెలా కట్టే క్లౌడ్ అద్దెకు ఉండటం లేదు. దాంతో అక్కర్లేని సర్వరు కొంటామని రాస్తేనే డబ్బొచ్చే పరిస్థితి వస్తోంది. మూడేళ్ల అద్దెను ప్రాజెక్టు ఖర్చుగా రాసుకునే గడి ఒకటి పెట్టండి. మా వైపు నుంచి, ఈ ఏప్రిల్ మొదలుకుని వార్షిక నివేదికలో క్లౌడ్ బిల్లును నెలవారీగా అచ్చువేస్తాం. ఆ నెల ఎంతమంది పిల్లలకు రక్తం ఎక్కించామో పక్క గడిలోనే ఉంటుంది.