"కోరంకి"లో కరోనా, "షేషకు"లో బబులోను

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో కోవిడ్ పేరు దాగి ఉందన్న వాదన 2020లో తెలుగునాట ఇంటింటికీ చేరింది. అందులో చెప్పబడిన "కోరంకి" అనే జబ్బే కరోనా అని దాని సారాంశం. కాపరులలో కొందరు దీనిని మూఢనమ్మకమని తోసివేశారు. కొందరు అంత్యదినాలకు అన్యగ్రంథం సాక్ష్యమిస్తోందని సంతోషించారు. అక్షరాలను పరీక్షించిన వారు మాత్రం మాకు అరుదుగా కనబడ్డారు.

"కోరంకి"ని "కరోనా" చేయాలంటే క మీది ఓత్వాన్ని ర మీదికి జరపాలి, సున్నను "నా" చేయాలి, చివరి "కి"ని విడిచిపెట్టాలి. మూడక్షరాల మాటకు మూడు మరమ్మతులు! ఇంత స్వేచ్ఛ ఇస్తే, తెలుగు, తమిళ, కన్నడాలు కలిసి వినబడే మా శాంతిపురం సరిహద్దులో అదే మాట తమిళ "కురంగు", అనగా కోతి, కావడం ఇంకా సులువు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మంకీపాక్స్‌ను అత్యవసర పరిస్థితిగా ప్రకటించినప్పుడు దానికీ ఇదే మాట సరిపోయేది. 1839 తుపానులో నాశనమైన గోదావరి ముఖద్వారపు ఓడరేవు కోరంగికైతే ఒక్క అక్షరమే తేడా. పైగా కాలజ్ఞానం తాళపత్రాల మీదుగా, పాడేవారి నోటి మీదుగా వచ్చింది, పాఠభేదాలు ఎన్నో. ఏ ప్రతిలోని అక్షరాన్ని జరపాలి?

ఆ గ్రంథాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కులభేదాన్ని ప్రశ్నించి, దూదేకుల సిద్దయ్యను శిష్యునిగా చేర్చుకున్నాడని చెప్పబడే బోధకుని మాటలను పొడుపుకథలుగా మార్చినవారు పాఠకులే.

మరి మన ఇల్లు? 1994లో విట్స్‌టుమ్, రిప్స్, రోసెన్‌బర్గ్ అనే ముగ్గురు ఆదికాండం హెబ్రీ పాఠంలో సమాన దూరాలలో అక్షరాలు ఏరి రబ్బీల పేర్లు చూపారు. 1997లో మైకేల్ డ్రోస్నిన్ "ది బైబిల్ కోడ్" రాసి ఆ పద్ధతిని లోకమంతటా అమ్మాడు. బ్రెండన్ మెకే అదే పద్ధతిలో "మోబీ డిక్" నవలలో రాజకీయ హత్యలు చూపించాడు. 1999లో ఆయనా సహచరులూ మొదటి వ్యాసం వెలువడిన పత్రికలోనే దాని లెక్కలను ఖండించారు. కుమ్రాను యెషయా చుట్టలో మాటల అక్షరక్రమం మసొరెటిక్ పాఠానికి చాలాచోట్ల భిన్నమని మన విద్యార్థులకు తెలుసు. ఒక్క అక్షరం పెరిగినా ఆ దూరాలన్నీ జారిపోతాయి.

బైబిల్లో గూఢాక్షరాలే లేవా? ఉన్నాయి. యిర్మీయా 25:26, 51:41లోని "షేషకు" చూడండి. హెబ్రీ వర్ణమాల 22 అక్షరాలలో మొదటిదాని స్థానంలో చివరిది, రెండవదాని స్థానంలో చివరినుండి రెండవది, ఈ వరుసన పెడితే బేత్, బేత్, లామెద్ అనే బాబెలు షీన్, షీన్, కాఫ్ అవుతుంది. నియమం ఒక్కటే, మూడక్షరాలకూ వర్తించింది, ఏదీ మిగల్లేదు, ఏదీ జరగలేదు. అంతకంటె ముఖ్యం, 51:41లో అదే వచనం బబులోను పేరును బాహాటంగా చెబుతుంది. దాచిన చోటే తాళంచెవి ఉంది. ఆనాటి శ్రోత ఎవరినీ అడగనక్కరలేదు.

ప్రకటన 13:18 కూడ లెక్కించుమని తన మొదటి పాఠకులనే పిలిచింది. నీరో కైసరు పేరు హెబ్రీ అక్షరాలలో 666 అవుతుందని చాలామంది పండితుల అభిప్రాయం. 2021లో కోవిడ్ టీకాలో ఆ సంఖ్యను చూపిన ప్రసంగాలు తెలుగు విశ్వాసుల ఫోన్లకూ వచ్చాయి. అది విని సూది వద్దన్న విశ్వాసికి, "కోరంకి"ని చూసి నవ్విన కాపరి ఏ నియమం చూపిస్తాడు?