అయివారి ఎం.ఏ., ఇంజనీరు పీహెచ్‌డీ

రాయలసీమ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఉద్యోగం చేస్తూ చదవడమంటే ముందు గుర్తొచ్చేది బడిలో పాఠాలు చెప్పే అయివారే. పెళ్లయి, పిల్లలు పుట్టి, రెండు ఊళ్లకు బదిలీ అయ్యాక ఆయన తెలుగులోనో చరిత్రలోనో ప్రైవేటుగా ఎం.ఏ. కట్టేవాడు. శ్రీసిటీ ఫ్యాక్టరీలో ఇప్పుడు నలభైకి దగ్గరపడుతున్న ఇంజనీరు పార్ట్‌టైం పీహెచ్‌డీకి దరఖాస్తు పెడుతున్నాడు. వీళ్లిద్దరికీ చుట్టరికం ఉంది. కాకపోతే అది మనం అనుకునే చోట లేదు.

అయివారి సంగతి మనకు తెలిసిందే. హాల్‌టికెట్టు మీద అతికించిన ఫొటోకు గెజిటెడ్ అధికారి సంతకం, పోస్టులో వచ్చే పాఠాల కట్ట, ఆ కట్ట విప్పకుండానే బజార్లో కొన్న గైడు. దీన్ని చూసి నవ్వుకోవడం తేలిక. కానీ ఆ ఏర్పాటు వెనక ఉన్న తెలివిని మనం తగినంతగా మెచ్చుకోలేదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉంది. తొలి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారే తర్వాత 1985లో ఇగ్నోకూ తొలి సారథి అయ్యారు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తనకంటూ ఊరూరా భవనాలు కట్టుకోలేదు. ప్రభుత్వ కాలేజీలు మూసి ఉండే ఆదివారం నాడు అవే గదుల్లో తరగతులు నడిపింది. గది ఖాళీగా ఉండే రోజూ, అయివారికి తీరిక దొరికే రోజూ ఒకటే. దూరవిద్య కాంటాక్ట్ క్లాసులు వేసవి సెలవుల్లో పడటమూ ఇలాంటిదే. ఇంగ్లండులో 1971లో చదువు మొదలుపెట్టిన ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు బీబీసీలో తెల్లవారుజామునా అర్ధరాత్రీ వచ్చేవి. అలాగే ఇక్కడా చదువు వచ్చి పనివాడి గడియారం చుట్టూ సర్దుకుంది.

శ్రీసిటీ కథ వేరు. 2008 తర్వాత సత్యవేడు వైపు పొలాల్లో, తడకు కూతవేటు దూరంలో లేచిన ఊరిది. నిన్నటిదాకా చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. ఆల్‌స్టామ్ మెట్రో రైలు పెట్టెలు, ఇసుజు బండ్లు, క్యాడ్‌బరీ చాక్లెట్లు ఇక్కడ తయారవుతాయి. వాటి పక్కనే 2013లో ట్రిపుల్ఐటీ వచ్చింది. కేంద్రానిది 50 శాతం, రాష్ట్రానిది 35, పరిశ్రమది 15, ఆ పరిశ్రమ వాటాదారు శ్రీసిటీయే. 1970లో మద్రాసులో పుట్టిన ఐఎఫ్‌ఎంఆర్ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ కూడా ఇక్కడికే చేరి, 2018లో మొదలైన క్రియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. అయివారికి విశ్వవిద్యాలయమంటే తిరుపతి బస్సెక్కితే తప్ప కనబడని చోటు. ఇంజనీరుకు అది కంపెనీ బస్సు కిటికీలోంచే కనిపిస్తుంది. అయివారికి దూరం ఉండేది, తీరిక కూడా ఉండేది. ఇంజనీరుకు దూరం పోయింది, దాంతోపాటే తీరికా పోయింది. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీకి ఆదివారం ఒక సెలవు రోజు కావచ్చు, కాకపోవచ్చు. వేసవి సెలవులన్న మాట అసలే లేదు.

ఇద్దరి చుట్టరికం నిజంగా బయటపడేది అనుమతి కాగితం దగ్గర. అయివారు పై చదువుకు శాఖ అనుమతి తెచ్చుకోవాలి. పార్ట్‌టైం పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు యజమాని నుంచి అలాంటి కాగితమే అడుగుతాయి. అందులో మూడు మాటలుండాలి. ఉద్యోగి పార్ట్‌టైంగా చదవడానికి మాకు అభ్యంతరం లేదు. అతని విధులు పరిశోధనకు చాలినంత సమయం మిగులుస్తాయి. అవసరమైతే కోర్సు వర్కు కోసం అతన్ని విధుల నుంచి విడుదల చేస్తాం. మొదటిదానికి హెచ్‌ఆర్ వాళ్లు నవ్వుతూ సంతకం పెడతారు. రెండోది చదివి ప్రొడక్షన్ మేనేజరు తల ఎత్తి చూస్తాడు. సమయం మిగిలే మనిషిని ఏ మేనేజరు మాత్రం ఖాళీగా ఉంచుకుంటాడు? ఇక మూడోది నెల టార్గెట్ మీద పడే మాట. డీఈవో ఆఫీసులో ఫైలు నెలల తరబడి నానేది, కానీ అయివారు చదివినందువల్ల ఆ ఆఫీసుకు పోయేదేమీ లేదు. ఇక్కడ ఫైలు త్వరగానే కదులుతుంది, పోయేది మాత్రం కళ్లెదుట లెక్కకు వస్తుంది. చదువు పూర్తి చేయడానికి నిబంధనలిచ్చే గడువు ఆరేళ్లు, పొడిగిస్తే ఎనిమిది. ఆ లోపల ఆ కాగితం మీద సంతకం పెట్టిన మేనేజరే ఇంకో కంపెనీకి మారిపోయి ఉంటాడు.

చదివే సరుకులోనూ తేడా ఉంది. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పే అయివారు ఛందస్సు, భాషాశాస్త్రం చదివేవాడు. ఆశ జూనియర్ లెక్చరర్ పదోన్నతి మీదే, దాచేదేముంది. కానీ బడిలో ఎందుకూ పనికిరాని ఆ చదువే సీమలో సాహిత్య సభలకు శ్రోతల్ని తయారుచేసింది. ఇంజనీరు చదువు మొదటి రోజు నుంచే పనికొచ్చే చదువు. వెల్డింగులో పగులును కెమెరాతో పట్టడమెలా అన్న అతని ప్రశ్న లైను మీద పుట్టింది, ప్రొఫెసరుకు అది తట్టి ఉండదు. అయితే ఆ ప్రశ్నకు కావలసిన డేటా కంపెనీది, సిద్ధాంత గ్రంథమేమో నలుగురూ చదవాల్సింది. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. ఊరి పేరు చెప్పడానికి ఏ ఊరూ గోప్యత ఒప్పందం అడగదు. ఆయనే తర్వాత సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరి, అయివార్లు చదివే పాఠాలు తయారుచేయడంలో పాలుపంచుకున్నారు. ఊళ్లో ఏరిన సరుకు తిరిగి ఊరికి చేరే ఆ దారి ఇంజనీరుకు ఇంకా ఏర్పడలేదు.

ఈ రెంటిలో ఒకటే గొప్పదని నేననను. ఇద్దరి ఇళ్లలోనూ చదువు ఖర్చు ఫీజులతో తీరలేదు, పిల్లల హోంవర్కు, సంత, ఆస్పత్రి భార్య నెత్తినే పడ్డాయి. శ్రీసిటీ సంస్థలు అయివారి విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకోవలసింది సిలబస్ కాదు, టైంటేబులు. ఈ వారం ఉదయం ఆరుకు పనిలో దిగినవాడు వచ్చే వారం మధ్యాహ్నం రెండుకు దిగుతాడు. కాబట్టి అదే పాఠాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పాలి. దానికి భవనం అక్కర్లేదు. రెండుసార్లు చెప్పే ప్రొఫెసరుకు ఇచ్చే జీతం ఆ 15 శాతం వాటాదారుకు పెద్ద బరువేమీ కాదు.