పాటే పిల్లల కోసం ఆగాలి

ఈ వారం ఒక ప్రీస్కూలు వార్షికోత్సవం చూశాను. స్టేజీ మీద మూడేళ్ల పిల్లలు, పక్కన మనిషెత్తు స్పీకర్లు, హోరెత్తే సినిమా పాట. ఒక చిన్నవాడు చెయ్యెత్తి, ఆ తర్వాత కాలు ముందుకు వెయ్యాలి. చెయ్యి లేచేసరికే పాట చరణంలోకి వెళ్లిపోయింది. వాడు బిక్కమొహం వేసుకుని నిలబడిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

తెలుగు పిల్లలకు తెలుగు ఆటపాటలే కావాలన్న నా పంతం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఒంటికి కావలసిన సాధనంతా వాటిలోనే ఉంది. తారంగం ఆడిస్తే పసిపిల్ల మణికట్లు తిప్పడం నేర్చుకుంటుంది. చెమ్మచెక్కలో ఒక చరుపు తన చేతులకు, ఒక చరుపు ఎదుటి పిల్ల చేతులకు. కన్నూ చెవీ చెయ్యీ ఒక్కసారే కలవాలి. ఒప్పులకుప్పలో వెనక్కి వాలి గిర్రున తిరుగుతూ పడిపోకుండా నిలదొక్కుకోవాలి.

మా అమ్మమ్మ మమ్మల్ని వీధరుగు మీద కాళ్లు చాపించి కూర్చోబెట్టి కాళ్లాగజ్జె ఆడించేది. ఒక్కో కాలినీ తాకుతూ పాట సాగేది. ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్లు ఆ కాలు ముడుచుకోవాలి. పెద్దపిల్లల దగ్గర ఆమె చెయ్యి చకచకా నడిచేది. మా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి రాగం సాగదీసేది. వాడు రెండు చేతులతో పాదం లాక్కునేదాకా పాట అక్కడే తిరిగేది. మేం విసుక్కుంటే, "తొందరేంటర్రా, వాడి కాలు రానీండి" అని కసిరేది.

2009లో కిర్ష్‌నర్, టొమాసెల్లో అనే పరిశోధకులు చిన్నపిల్లల చేత డ్రమ్ము వాయించి చూశారు. ఒకసారి ఎదుట మనిషి, ఒకసారి యంత్రం, ఒకసారి స్పీకరు. రెండున్నరేళ్ల వాళ్లతో సహా పిల్లలు లయను బాగా అందుకున్నది మనిషి ఎదురుగా కూర్చుని వాయించినప్పుడే.

అందుకే నా పంతం ఈసారి పక్కన పెడుతున్నాను. ఫోనులో మోగే చెమ్మచెక్క కంటే, టీచరు ఎదురుగా కూర్చుని, పిల్లాడి చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత వేగంతోనే చప్పట్లు కొడుతూ పాడే ఇంగ్లీషు రైమే మేలు. భాష సంగతి తర్వాత చూసుకుందాం. వచ్చే వార్షికోత్సవానికి స్పీకరు కట్టేసి, టీచర్లనే పాడనివ్వండి. పిల్లాడు ఆగిన చోట ఆగడం వాళ్లకే సాధ్యం.