ప్రశ్నోత్తరి వచనం: ఒక విమర్శ

తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా సాహిత్యచరిత్రకారులు గుర్తించినవి తెలుగుదేశంలో వెలువడలేదు. జర్మనీలోని హాలే నగరంలో 1746, 1747 సంవత్సరాలలో అవి ముద్రితమైనవి. తరంగంబాడిలోను, తరువాత చెన్నపట్టణంలోను మతప్రచారం చేసి, 1743లో స్వదేశానికి మరలిపోయిన బెంజమిన్ షుల్జ్ (1689-1760) వాటిని వెలువరించినాడు. ఆ పుస్తకాలలో ఒకటి క్రైస్తవ విశ్వాసంలోని మొదటి పాఠాలను ప్రశ్నలుగా, సమాధానాలుగా కూర్చిన చిన్న ప్రశ్నోత్తరి. కావ్యం కాదు, పురాణం కాదు, శతకమైనా కాదు. ఏమీ తెలియనివానికి తెలియజెప్పుటకై వ్రాసిన వచనం తెలుగు ముద్రణకు శ్రీకారం చుట్టినదన్నమాట. అయినను సాహిత్యచరిత్రలలో దానికి దక్కినది ఒకటి రెండు వాక్యాలు మాత్రమే. ముద్రణచరిత్రలో దానికి స్థానమున్నది, వచనచరిత్రలో లేదు. మతగ్రంథమని సాహిత్యకులు విడిచినారు. సాహిత్యం తమ పని కాదని మతబోధకులు విడిచినారు. ఈ రెండు విడుపుల నడుమ, రెండున్నర శతాబ్దాలకు పైగా లక్షలాది తెలుగు నోళ్లు వల్లించిన ఒక వచనప్రక్రియ విమర్శకు నోచుకొనకుండ మిగిలిపోయినది.

ప్రశ్నోత్తర రూపం తెలుగువానికి కొత్తది కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని చేరి తమ సందేహాలు అడిగినారు. గీతలో అర్జునుడు అడుగుచుండగా కృష్ణుడు చెప్పినాడు. పురాణాలలో శౌనకాది మునులు అడిగినారు, సూతుడు చెప్పినాడు. వీటన్నిటా అడుగువాడు తెలియనివాడు, చెప్పువాడు తెలిసినవాడు. క్రైస్తవ ప్రశ్నోత్తరిలో ఈ వరుస తలక్రిందులైనది. అక్కడ ప్రశ్న వేయువాడు గురువు; సమాధానం చెప్పవలసినవాడు శిష్యుడు. ఈ దేశపు సంప్రదాయంలో దీనికి దగ్గరగా వచ్చునది అరణ్యపర్వంలోని యక్షప్రశ్నల ఘట్టం ఒక్కటే. అక్కడను తెలిసినవాడే అడిగినాడు. అయితే ధర్మరాజు చెప్పిన సమాధానాలు అతని బ్రతుకునుండి, అతని వివేకంనుండి పుట్టినవి. ప్రశ్నోత్తరిలోని సమాధానం శిష్యుడు పుట్టకముందే అచ్చయియున్నది. ఈ ప్రక్రియ బలము, బలహీనత రెండును ఈ ఒక్క భేదంలోనే ఉన్నవి.

బలం ముందు చెప్పదగినది. షుల్జ్ పుస్తకానికి మూలమైన చిన్న ప్రశ్నోత్తరిని మార్టిన్ లూథరు 1529లో రచించినాడు. దాని భాగాలు కొన్ని మొదట గోడకు తగిలించు పత్రాలుగా వెలువడినవి. ఇంటి యజమాని తన ఇంటివారికి, పనివారికి బోధించుటకై అది ఉద్దేశింపబడినది. పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు బల్ల - ఇంతే దాని పరిధి. ప్రతి విషయానికి చివర దీని అర్థమేమి అని ఆగి అడుగుట దాని పద్ధతి. ఎక్కడ మొదలుపెట్టవలెనో, ఎక్కడ ఆగవలెనో తెలిసిన రచన అది. వాక్యం ఊపిరి నిలుపుటకు వీలైనంతే ఉండును; నాలుకకు పట్టును. తెలుగు వచనం చంపూకావ్యాల సమాసభూయిష్ఠ ధోరణిలో నడచుచున్న కాలంలో, చదువురాని పెద్దవాని నోటికి సరిపడు వాక్యాన్ని వెదకిన ప్రయత్నమిది. విదేశీయుడు చెవితో పట్టి కాగితంపై పెట్టిన తెలుగులో దోషాలు లేకపోలేదు. కాని ఆ వాక్యం ఎవరికొరకు అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానమున్నది. ఆనాటి వచనంలో ఎక్కువ భాగానికి అది లేదు.

బలహీనత పదాలలో కనబడును. వయోజనుడు ఖాళీ పలక వలె రాడు. అతనికి దేవుడు, పాపం, పుణ్యం, కర్మ, మోక్షం, ప్రసాదం అను మాటలన్నీ ముందే తెలిసియుండును. ప్రతిదానికి అతని ఊరిలో, అతని కులంలో, అతని ఇంటిలో ఒక అర్థం స్థిరపడియుండును. ఉపదేశకుడు ఆ మాటలను తీసికొని వేరు అర్థం నింపవలెను. లేక కొత్త మాటలు చేయవలెను. లేక విదేశీ మాటనే తెచ్చి పెట్టవలెను. తెలుగు క్రైస్తవులు ఈ మూడు దారులనూ త్రొక్కినారు. నీటితో చేయు దీక్షను ప్రొటెస్టెంటులు గ్రీకు మాటను నిలిపి బాప్తిస్మం అన్నారు. కథోలికులు జ్ఞానస్నానం అన్నారు. మొదటిది ఏమీ చెప్పదు, కనుక తప్పు చెప్పదు. రెండవది వినగానే స్ఫురించును. కాని ఆ స్నానంలో జ్ఞానమెక్కడిదను ప్రశ్నను వెంటబెట్టుకొని వచ్చును.

ఈ పదసృష్టిలో కెల్ల గొప్ప విజయం మారుమనస్సు అను మాట. పశ్చాత్తాపమనగా జరిగినదానికి వగచుట. గ్రీకు మూలంలో ఉన్నది వగపు మాత్రమే కాదు, మనస్సు మరలుట. ఆ భావాన్ని మారుమనస్సు ఎంత సులభంగా పట్టినదో చూడదగినది. మారుమాట, మారువేషం, మారుపేరు అను పలుకుబళ్లు తెలిసిన పల్లెటూరి ముసలమ్మకు దీనిని వివరింపనక్కరలేదు. ఇందుకు పూర్తిగా ఎదురైన ఉదాహరణ దేవద్రవ్యానుమానములు. కథోలిక సంఘంలోని ఏడు సంస్కారాలకు తమిళ క్రైస్తవుల వాడుకనుండి తెలుగులోనికి దిగిన పేరిది. సంస్కృతంలో అనుమానమునకు ఊహించి తెలిసికొనుటయను అర్థమున్నది. తెలుగులో అనుమానమనగా సందేహం. సందేహం తీర్చుకొనుటకు వచ్చిన పెద్దమనిషికి, అతని విశ్వాసానికి ఆధారమైన ఏడు విషయాలను ఏడు అనుమానాలుగా నేర్పించుట కంటె విచిత్రమేమున్నది? కాలక్రమాన దివ్యసంస్కారములన్న పేరు దాని స్థానంలోనికి వచ్చినది. కాని ఎన్ని తరాలవారు ఆ పాత మాటను అర్థం అడుగకుండ వల్లించినారో తలచినచో, ఈ ప్రక్రియలోని అపాయం తెలియును. సమాధానం ముందే సిద్ధమైయున్న చోట మాటను పరీక్షించువాడు ఉండడు.

ఈ అపాయాన్ని పుస్తకం కంటె చరిత్ర పెద్ద అక్షరాలలో చూపినది. 1876-78 నాటి కరవులో ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించినాడు. ధాన్యం కొరకు మతం పుచ్చుకొన్నారను మాట రాకుండ, సహాయకార్యం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపినాడు. కరవుపని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం పొందినారు. వారిలో అధికభాగం అక్షరం ఎరుగని మాదిగ కుటుంబాలవారు. అంతమందికి ఏమి నేర్పినారు, ఎప్పుడు నేర్పినారు అన్న ఆక్షేపణ నాడే వినవచ్చినది. ఆక్షేపణ న్యాయమైనదే. కాని అది సగం న్యాయమే. పుస్తకం పట్టుకొను యోగ్యత తరతరాలుగా నిరాకరింపబడినవారిని, పుస్తకంలోని సమాధానాలు చెప్పగలరా అని కొలుచుట ఎంతవరకు న్యాయం? వారు నదిలోనికి దిగినప్పుడు వారి సమాధానం ఆ అడుగులోనే ఉన్నది. దానికి తగిన మాటను సమకూర్చుట ఉపదేశకుని బాధ్యత. ఆ బాధ్యత నది ఒడ్డున ముగియలేదు, అక్కడ మొదలైనది.

ఆ మాటను సమకూర్చినది వచనం కాదు, పాట. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైనవారి కీర్తనలు రాగతాళాలతో, భక్తిసాహిత్యపు పలుకుబడితో సిద్ధాంతాన్ని ఇంటింటికి చేర్చినవి. ప్రశ్నోత్తరి పుటలలో బిగుసుకొన్న పదమే కీర్తన పల్లవిలో కరగినది. దోర్నకల్ బిషప్పుగా 1912 మొదలు 1945లో కన్నుమూయువరకు పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ సంగతి బాగుగ ఎరిగినవాడు. పల్లెలలో ఆయన ఉపదేశం పాటను, జాతరను, అభినయాన్ని ఆశ్రయించినది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. బాప్తిస్మం పొందినవాడు తన తలపై చేయి పెట్టుకొని, ఈ సువార్తను చెప్పకపోయినచో తనకు శ్రమయని పలుకవలెనని ఆయన ఏర్పరచినాడు. నేర్చుకొన్నవాడు ఆనాడే నేర్పువాడైనాడు. శిష్యుని నోటిలో పెట్టిన ఆ వాక్యం కూడ ముందే సిద్ధమైనదే. కాని అది పరీక్షకు సమాధానం కాదు, ప్రతిజ్ఞ. ప్రశ్నోత్తరి రూపంలోని లోటును అజరయ్య వలె పట్టినవారు అరుదు. అయినను పాటకు హద్దున్నది. అది భక్తిని ఇచ్చును, నిర్వచనాన్ని ఇవ్వదు. సందేహించువానికి పాట చాలదు.

సందేహించువాని ఉదాహరణ ఢిల్లీ చరిత్రలో ఉన్నది. ఢిల్లీ కళాశాలలో గణితోపాధ్యాయుడు, ఉర్దూ పత్రికాసంపాదకుడు అయిన రామచంద్ర (1821-1880) 1852లో క్రైస్తవుడైనాడు. గరిష్ఠ కనిష్ఠ సమస్యలపై 1850లో ఆయన వ్రాసిన గ్రంథం లండనులో డి మోర్గాన్ మెప్పు పొంది 1859లో అక్కడ పునర్ముద్రితమైనది. అట్టివాడు చదివి, వాదించి, సంశయించి ఒక నిర్ణయానికి వచ్చును. సిద్ధసమాధానం అతనికి అక్కరకురాదు. గుండ్లకమ్మ కూలీకి పుస్తకం అందలేదు. ఢిల్లీ గణితజ్ఞునికి పుస్తకం చాలలేదు. ప్రశ్నోత్తరి ఈ ఇద్దరి నడుమ ఎక్కడనో నిలిచిన రచన.

నేటి ఢిల్లీలో ఈ ఇద్దరును ఒకే ప్రార్థనాస్థలంలో కూర్చుండుట సాధ్యమే. ఉద్యోగాలకు, చదువులకు, కూలిపనులకు రాజధానికి, దాని చుట్టుపట్ల నోయిడా, గుర్‌గావ్ వంటి పట్టణాలకు చేరిన తెలుగువారిలో క్రైస్తవులు కలరు. వారి పిల్లలకు బడిభాష హిందీ లేక ఇంగ్లీషు. ఢిల్లీలోని తెలుగు పిల్లల విద్యకై 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడినను, నగరమంతట చెదరిన కుటుంబాలన్నిటికి తెలుగు బడి అందుబాటులో ఉండదు. ఇట్టిచోట తండ్రి వల్లించు నీతిమంతుడుగా తీర్చబడుట, కృప, పరిశుద్ధత అను మాటలు కొడుకునకు శబ్దాలు మాత్రమే. తండ్రికైన వాటి అర్థం చెప్పుమనినచో మరల అదే వాక్యం వల్లించుట తప్ప గతి లేదు. గ్రాంథికం బడినుండి, పత్రికనుండి తొలగిన తరువాతను ఉపదేశంలో నిలిచియుండుటకు కారణం భక్తి మాత్రమే కాదు; అర్థం తెలియని మాటకు పవిత్రత అంటుకొనియుండును. గిడుగు రామమూర్తి పోరాటం ఈ ఒక్క గది తలుపు తట్టలేదనిపించును.

ఇట్లు వల్లించిన జనంనుండియే తెలుగుకు ఒక మహాకవి వచ్చినాడు. గుఱ్ఱం జాషువ (1895-1971) రచించిన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. కాని ప్రశ్నోత్తరి సంప్రదాయానికి ఆయన ఇచ్చిన నిజమైన జవాబు 1941 నాటి గబ్బిలంలో ఉన్నదనవచ్చును. గుడిలో ప్రవేశంలేని చెప్పులు కుట్టువాడు, గుడిలో తలక్రిందులుగా వ్రేలాడు గబ్బిలంతో కాశీవిశ్వేశ్వరునికి తన మొర పంపుకొన్న కావ్యమది. అక్కడ అడుగువాడు గురువు కాడు. సిద్ధసమాధానం ఎవరివద్దను లేదు. నూరేండ్లు ఇతరుల ప్రశ్నలకు సమాధానాలు అప్పగించినవాని నోట, తన సొంత ప్రశ్న ఛందోబద్ధమై పలికినది. తలక్రిందులైన ప్రశ్నోత్తర వరుస తిరిగి నిలువుగ నిలిచినది అక్కడనే.

రెండవ వాటికన్ మహాసభ (1962-65) ననుసరించి 1972లో కథోలిక సంఘం వయోజనుల క్రైస్తవప్రవేశ విధిని పునరుద్ధరించినది. అందులో మొదటి మెట్టున వచ్చినవానిని అడుగునది సిద్ధాంతం కాదు. నీవేమి కోరి వచ్చితివని. ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం పుస్తకంలో అచ్చువేసి యిచ్చినను, అడిగిన తీరులో నేర్చుకొనువానికి గౌరవమున్నది. తెలుగులో ఉపదేశవచనాన్ని తిరిగి వ్రాయబూనువారు మొదలుపెట్టవలసినది ఇచ్చటినుండియే. మారుమనస్సు వంటి మాట మరొక పది దొరకవలెనన్నచో, మతపండితుడు ఒక్కడు చాలడు. పల్లె నుడికారమెరిగిన రచయిత ప్రక్కన కూర్చుండవలెను. అతడు క్రైస్తవుడు కానక్కరలేదు. పెద్దవాని నోటిలో పెట్టు వాక్యం, ఆ పెద్దవాడు తన బిడ్డకు మరియొక మాటలో తిరిగి చెప్పగలుగునట్లు ఉండవలెనను పట్టుదల కలవాడైన చాలును. షుల్జ్ పుస్తకం లోపాలతోడనే ఆ పని ప్రారంభించినది. దానిని వచనంగా చదివి, వచనంగా తూచి, ముందుకు నడపవలసిన బాధ్యత తెలుగు రచయితలది.